సగం నాణెం, సగం పేరు: ఒక 12వ శతాబ్దపు జర్మన్ బ్రాక్టియేట్‌ను గుర్తించిన తీరు

మధ్యయుగపు యూరప్ నాణేలను పరిశీలించి, గుర్తించి, వివరాలు నమోదు చేసి ఇవ్వడం నా పని. ఆ పనిలో నా దగ్గరకు వచ్చిన ఒక అర నాణెం గురించి ఇక్కడ సవివరంగా రాస్తున్నాను. జర్మనీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం పాత సామాన్ల సంతలో ఒక చెక్కపెట్టె కొన్నది. అందులో ఎక్కువ భాగం 19వ శతాబ్దపు చిల్లర నాణేలే అయినా, అడుగున ఒక కాగితపు పొట్లంలో అర్ధవృత్తాకారంలో ఉన్న పలుచని వెండి రేకు, దానితోపాటు పాతకాలపు జర్మన్ చేతిరాతలో ఒక చీటీ దొరికాయి. చీటీ మీద "హిల్డెస్‌హైమ్, బిషప్ హెర్మాన్" అని ఉంది. ఆ ఇంటాయన మూడు ప్రశ్నలు అడిగారు: ఇది అసలుదేనా, చీటీలో ఉన్న పేరు సరైనదేనా, నల్లబడిన చోట చింతపండు పెట్టి తోమవచ్చునా. మూడో ప్రశ్నకు నాణెం చూడకముందే ఫోన్‌లోనే జవాబు చెప్పాను: "దయచేసి తోమకండి, కడగకండి, వంగిన చోట సరిచేయాలని కూడా చూడకండి. ఉన్నది ఉన్నట్టు తీసుకురండి."

ఆయనకు మరో సందేహం కూడా ఉంది. "సగం విరిగిపోయిన దానికి విలువేముంటుందండీ?" అన్నారు. అది విరిగినది కాదు, కోసినది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఈ పరిశీలనలో చాలా ముఖ్యమైనది గనుక దాన్నే ముందుగా చెబుతాను.

చేతికి వచ్చినది

ఈ జాతి నాణేలను బ్రాక్టియేట్లు అంటారు. 12వ శతాబ్దం మొదటి సగంలో సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో మొదలై, ఎల్బే నదికి, హార్ట్స్ కొండలకు మధ్య ఉన్న టంకశాలల్లో అవి పరాకాష్ఠకు చేరాయి. విలువ రీత్యా అవి ఫెన్నిగ్‌లే. ఆ రోజుల్లో అక్కడ వాడుకలో ఉన్న నాణెం అదొక్కటే. వెండిని సుత్తితో బాగా పలుచగా సాగగొట్టి, గుండ్రంగా కత్తిరించి, కింద తోలు వంటి మెత్తని ఆధారం పరిచి, పైనుంచి ఒకే ఒక్క అచ్చుతో కొట్టేవారు. గుళ్లో మూలవిరాట్టుకు తొడిగే వెండి కవచంలాగా ముందు వైపు ఎక్కడ ఉబ్బు ఉంటే, వెనక వైపు సరిగ్గా అక్కడే గుంట ఉంటుంది. రెండు అచ్చుల మధ్య కొట్టిన మామూలు నాణేనికి రెండు బొమ్మలుంటాయి. దీనికి ఉన్నది ఒక్క బొమ్మే, ఆ బొమ్మకే వెనక దాని నీడ.

మన ముక్క కోత అంచు పొడవు 26 మిల్లీమీటర్లు, కోత నుంచి ఎదుటి అంచు వరకు ఎత్తు 12.6 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతల నుంచి మొత్తం నాణెం వ్యాసం 26 మిల్లీమీటర్లని తేలుతుంది. కోత సరిగ్గా మధ్యగా కాకుండా, చూసేవారికి కుడివైపుగా అర మిల్లీమీటరు కంటే తక్కువ దూరం జరిగిందని కూడా తెలుస్తుంది. మనకు మిగిలినది ఆ కుడి సగం. బరువు 0.39 గ్రాము. పై అంచున చిన్న తునక ఊడిపోయింది కాబట్టి మొత్తం నాణెం 0.8 గ్రాము ప్రాంతంలో ఉండి ఉండాలి. బరువును వైశాల్యంతోనూ వెండి సాంద్రతతోనూ భాగిస్తే సగటు మందం మిల్లీమీటరులో ఏడో వంతు వస్తుంది. ఇంత పలుచని రేకు ఎనిమిది శతాబ్దాలకు పైగా నిలిచినప్పుడు వెండిలోని రాగి, సీసం రేణువుల సరిహద్దుల వెంబడి చేరి లోహాన్ని పెళుసుగా మారుస్తాయి; అందుకే వంకర తీయబోతే అది వంగదు, పగులుతుంది.

కోత అంచును సూక్ష్మదర్శిని కింద చూస్తే మూడు విషయాలు కనిపించాయి. అంచు తిన్నగా ఉంది. వెండి ఒక వైపుకు సన్నగా లాగబడి, కత్తెర దిగిన దిశను చూపుతోంది. అన్నిటికంటే ముఖ్యంగా, ముందు వైపు, వెనక వైపు ఉన్న బూడిద నలుపు పొరే ఆ కోత ముఖం మీద కూడా తెగకుండా పరుచుకుని ఉంది. భూమిలో పడక ముందే నాణెం సగానికి కోయబడిందని చెప్పడానికి ఇది చాలు. ఈమధ్య విరిగిన అంచయితే పళ్లు పళ్లుగా ఉండి, లోపలి తెల్లని వెండి మెరిసేది; పైన తునక ఊడిన చోట అలాగే ఉంది కూడా. కాబట్టి ఈ నాణేనికి రెండు గాయాలున్నాయి: కోత 12వ శతాబ్దపుది, తునక ఊడింది చాలా తర్వాత.

ఫెన్నిగ్ కంటే చిన్న నాణెం అంగట్లో దొరకనప్పుడు ఫెన్నిగ్‌నే రెండుగా కోసి అర ఫెన్నిగ్‌గా చెల్లించడం నాటి మామూలు వ్యవహారం. కనుక ఈ ముక్కను పాడైన నాణెం అనకూడదు. ఒక చిన్న చెల్లింపు కోసం తయారైన సంపూర్ణమైన అర ఫెన్నిగ్ ఇది. ఆ ఇంటాయన అడిగిన విలువ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే: సేకరణకర్తల బజారులో దీనికి నిండు నాణెం ధర రాదు, కానీ సంతలో చేతులు మారిన డబ్బుగా ఇది చెప్పే సాక్ష్యం నిండు నాణెం చెప్పలేదు.

అసలుదేనా

బ్రాక్టియేట్ల విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరిగా వేసుకోవాలి. 1682లో పుట్టి 1744లో మరణించిన నికోలాస్ జేలెండర్ అనే రాగి పలకల చెక్కడపు పనివాడు హానోవర్‌లో ఉంటూ ఎన్నో బ్రాక్టియేట్లను కల్పించి అచ్చు వేశాడు. ఆనాటి పండితులు వాటిని నిజమైనవిగానే నమ్మారు. అందువల్ల పాత చీటీ, పాత పెట్టె, పాత సేకరణ అన్న మాటలు నాణెం అసలుదని నిరూపించవు. ఒక వస్తువు 250 ఏళ్లుగా సేకరణలో ఉంటూనే నకిలీ కావచ్చు.

ఇక్కడ మాత్రం ఎక్కువ తర్జనభర్జన అవసరం కాలేదు. సుత్తితో సాగగొట్టిన వెండికి ఉండే మందం తేడాలు దీనికి ఉన్నాయి. వెనక వైపు గుంటల అంచులు ముందు వైపు గీతలంత పదునుగా లేవు. మెత్తని ఆధారం మీద కొట్టినప్పుడే అలా గుండ్రబారతాయి. పోతపోసిన నకలుకు ఉండే గరుకు, గాలి బుడగల గుంతలు ఎక్కడా లేవు. ముందు వైపు కింది భాగంలో వెండి క్లోరైడ్ గట్టిపడి పెచ్చుకట్టి ఉంది. లవణాలున్న నేలలో చాలా కాలం పడి ఉన్న వెండి మీద అది నెమ్మదిగా పెరుగుతుంది, పైన పూసినదయితే లోహంలోకి ఇలా వేళ్లు దిగదు. ఎక్స్-కిరణాలతో లోహాల పాళ్లు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో ఉపరితలాన్ని చూస్తే వెండి 90 శాతానికి పైన, మిగతాది రాగి, కొద్దిగా సీసం. భూమిలో ఉన్నప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి వెండి శాతం ఎక్కువగా కనిపిస్తుంది కనుక ఆ అంకెను నేను మేలిమికి ప్రమాణంగా రాయలేదు. సీసం ఆనవాలు మాత్రం నాటి శుద్ధి పద్ధతికి సరిపోతుంది. సీసంతో కరిగించి, ఆ సీసాన్ని ఆక్సైడుగా విడగొట్టి వెండి తీసేవారు, ఎంత శుద్ధి చేసినా కొంత సీసం మిగిలేది.

బొమ్మ చెప్పినదెంత

కుడి సగంలో కనిపించేవి ఇవి: ఎదురుగా కూర్చున్న మతాధికారి ఎడమ భుజం, మోచేయి, ఆ చేతిలో రొమ్ముకు ఆనించి పట్టుకున్న పుస్తకం, పక్కన శిఖరంతో ఒక బురుజు, చుట్టూ ముత్యాల వరుస వంటి చుక్కల వలయం. తలమీది కిరీటంలో సగం మిగిలింది. దాని మొన నుదుటి నడుమ, సరిగ్గా కోత అంచు దగ్గర లేస్తోంది. అంతకు ముందరి తరం బిషప్పుల కిరీటానికి చెవుల పైన రెండు కొమ్ముల్లాగా మొనలుండేవి. 12వ శతాబ్దం నడుమ కిరీటాన్ని తిప్పి మొనలు ముందు వెనకలుగా పెట్టుకోవడం స్థిరపడింది. దీంతో కాలం శతాబ్దం నడుమకో, ఆ తర్వాతకో వస్తుంది. కుడి చేతిలోని దండం పోయిన సగంలో ఉండిపోయింది.

భుజం మీదుగా రొమ్ము వైపు ఏటవాలుగా దిగే ఒక పట్టీ ఉంది, దాని మీద రెండు చుక్కలు. ఇది పాలియం అయితే ప్రశ్న అక్కడికక్కడే తేలిపోవాలి, ఎందుకంటే పోప్ పంపే ఆ తెల్లని ఉన్ని పట్టీ ధరించే హక్కు సాధారణంగా ఆర్చ్‌బిషప్‌లది. హిల్డెస్‌హైమ్‌లో ఉన్నది బిషప్ మాత్రమే. చాలామంది ఈ పట్టీ చూసి తీర్పు రాసేస్తారు. నేను రాయలేదు. మామూలు బిషప్పులు తొడిగే పై అంగీ మీద కూడా సరిగ్గా ఇదే ఆకారంలో, రెండు పాయలుగా భుజాల నుంచి దిగి రొమ్ము మీద కలిసే జరీ పట్టీ కుట్టేవారు. 26 మిల్లీమీటర్ల నాణెం మీద, అందులోనూ మధ్య భాగం కోతలో పోయాక, ఉన్ని పట్టీకీ జరీ పట్టీకీ తేడా చెప్పగల కన్ను ఎవరికీ ఉండదు. ఆ పట్టీని అనుకూల సాక్ష్యంగా మాత్రమే తీసుకోవాలి.

అక్షరాల లెక్క

అంచు చుట్టూ లాటిన్ అక్షరాలున్నాయి. ఇలాంటి రాత సాధారణంగా తల పైన ఒక శిలువ గుర్తుతో మొదలై సవ్యదిశలో తిరుగుతుంది. మన కుడి సగంలో ఉన్నది కాబట్టి పేరు మొదలే. అయితే ఊడిపోయిన తునకతో పాటు మొదటి రెండు అక్షరాలు పోయాయి. తర్వాత ఒక అక్షరం కింది భాగం, చిన్న వంపుగా, మిగిలింది. ఆ తర్వాత స్పష్టంగా ఎం, ఏ, ఎన్, ఎన్, వి, ఎస్. అంటే ఎవరి పేరో "మానుస్" అని ముగుస్తోంది. అటు తర్వాత ఏటవాలుగా ఒక గీత, దాని పైన పెచ్చు.

చీటీ రాసిన సేకరణకర్త ఇక్కడే హెర్మాన్ అనుకున్నాడు. అది ఆధారం లేని ఊహ కాదు. 1160ల్లో హిల్డెస్‌హైమ్‌కు హెర్మాన్ అనే బిషప్ ఉన్నాడు; కాలం సరిపోతుంది, పేరు చివరి ఆరక్షరాలు సరిపోతాయి. అదే శతాబ్దం చివర తురింగియా పాలకుడైన ఇంకో హెర్మాన్ ఉన్నాడు గానీ అతడు మతాధికారి కాడు, అతడి బొమ్మకు కిరీటమూ పుస్తకమూ ఉండవు. కనుక అతడిని పక్కన పెట్టవచ్చు. ఇక మిగిలిన గట్టి అభ్యర్థి మాగ్డెబుర్గ్ ఆర్చ్‌బిషప్ విక్మాన్. లాటిన్‌లో రాస్తే రెండు పేర్లలోనూ తొమ్మిదేసి అక్షరాలు, రెండింటిలోనూ నాలుగో అక్షరం నుంచి చివరి దాకా ఒకటే. తేడా మొదటి మూడు అక్షరాల్లోనే ఉంది, అందులో రెండు మన దగ్గర లేవు.

అందుకని అక్షరాలను చదవడం పక్కన పెట్టి కొలవడం మొదలుపెట్టాను. నాణెం ఫోటోను పెద్దది చేసి, వృత్త కేంద్రం గుర్తించి, ఒక్కొక్క అక్షరం నడిమి గీతకు కోణం తీశాను. వరుసగా వచ్చే అక్షరాల మధ్య ఎడం సగటున 15 డిగ్రీలు. ఆ లెక్కన వృత్తమంతటికీ 24 స్థానాలుంటాయి. శిలువ ఒకటి, "విక్మానుస్" తొమ్మిది, లాటిన్‌లో ఆర్చ్‌బిషప్ అనే "ఆర్కియెపిస్కోపుస్" పద్నాలుగు, వెరసి సరిగ్గా 24. శిలువ, "హెర్మానుస్" తొమ్మిది, బిషప్ అనే "ఎపిస్కోపుస్" తొమ్మిది కలిపితే 19 మాత్రమే. అప్పుడు ఎడం దాదాపు 19 డిగ్రీలు రావాలి, ఎం అక్షరం పైనుంచి 76 డిగ్రీల దగ్గర పడాలి. మన నాణెం మీద అది 60 దగ్గర ఉంది.

ఈ లెక్క నాకు సంతోషం కలిగించింది గానీ దీన్ని ఒంటరిగా నమ్మే అలవాటు నాకు లేదు. టంకశాల పనివారు పదవుల పేర్లను ఇష్టం వచ్చినట్టు కుదించేవారు. చోటు మిగిలితే చుక్కలు పెట్టేవారు, చాలకపోతే అక్షరాలు మింగేసేవారు. హిల్డెస్‌హైమ్ పేరును కూడా జోడించి 24 స్థానాలు నింపిన హెర్మాన్ నాణెం ఉండడం అసాధ్యం కాదు. కాబట్టి ఎస్ తర్వాతి అక్షరాలు కావాలి. అవి పెచ్చు కింద ఉన్నాయి.

వెనక వైపు

పెచ్చు తీయాలా వద్దా అన్నది ఈ కేసులో నిజమైన నిర్ణయం. సన్నని కత్తితో సూక్ష్మదర్శిని కింద కొద్దికొద్దిగా గీకి తీసే పద్ధతి ఉంది, రసాయనాలతో కరిగించే పద్ధతీ ఉంది. రెండింటిలోనూ ప్రమాదమొక్కటే: వెండి క్లోరైడ్ వెండి నుంచే పుడుతుంది, అంటే ఆ పెచ్చులో కొంత ఒకప్పటి నాణెం పైపొరే. దాన్ని కరిగిస్తే అక్షరం కూడా కరిగిపోయే అవకాశం ఉంది. మిల్లీమీటరులో ఏడో వంతు మందం ఉన్న రేకు మీద, పక్కనే అంచు నుంచి లోపలికి ఒక సన్నని చీలిక ఉండగా, అలాంటి పని చేయడానికి బలమైన కారణం ఉండాలి.

చేయనక్కర లేకపోయింది. బ్రాక్టియేట్‌కు వెనక వైపు కూడా అదే రాత, అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటలుగా ఉంటుందని ముందే చెప్పాను. పెచ్చు ముందు వైపే దట్టంగా ఉంది. వెనక అదే చోట పలుచని నల్లని పొర మాత్రమే ఉంది. నాణేన్ని మెత్తని నురగ పలక మీద బోర్లించి, గది చీకటి చేసి, చిన్న దీపాన్ని పక్క నుంచి దాదాపు పలకకు సమాంతరంగా పెట్టి, దీపాన్ని చుట్టూ తిప్పుతూ ఒక్కో దిక్కు నుంచి ఫోటో తీశాను. ఆ ఫోటోలను కుడి ఎడమలుగా తిప్పి చూస్తే గుంటలు ఉబ్బులుగా కనిపించి రాత సవ్యంగా చదవడానికి వస్తుంది. ఎస్ తర్వాత రెండు ఏటవాలు గీతలు పైన కలిసి, వాటి నెత్తిన చిన్న అడ్డగీత. ఆ కాలపు లాటిన్ "ఏ" అనే అక్షరానికి అలాంటి తలకట్టు మామూలే. దాని తర్వాత ఒక నిలువు గీత, పైన చిన్న వంపు, నడుము నుంచి బయటికి చాచిన కాలు: ఆర్. కోత అంచు దగ్గర ఒక వంపు మొదలై తెగిపోయింది.

ఏ, ఆర్. "ఆర్కియెపిస్కోపుస్" అన్న మాటకు అవే మొదటి అక్షరాలు. "ఎపిస్కోపుస్" ఇలా మొదలు కాదు.

ఈ ఆర్ ఇంకొక పనికి కూడా వచ్చింది. అచ్చు చెక్కేవారు అక్షరాలను నిలువు గీతకు ఒకటి, వంపుకు ఒకటి, ముక్కోణపు కొసకు ఒకటి చొప్పున చిన్న ఉలి మొనలతో కొట్టి కూర్చేవారు. ఒకే అచ్చు మీద ఒకే అక్షరం అందువల్ల ఒకేలా వస్తుంది. ఈ ఆర్ నిలువు గీత పాదం దగ్గర ముక్కోణపు కొస ఉంది. పైన ఎం ముందు మిగిలిన అక్షర శకలం కింది భాగంలో అలాంటి కొసా లేదు, కాలూ లేదు. ఎడమకు ఉబ్బిన వంపు ఒక్కటే ఉంది. అది సి. హెర్మాన్ పేరులో అక్కడ ఆర్ ఉండాలి.

పాత సేకరణకర్త వెనక వైపు ఎందుకు చూడలేదన్నదానికీ నాణెమే ఒక ఆనవాలు ఇచ్చింది. వెనక మధ్యభాగంలో ఎండిన జిగురు మరకలు, వాటిలో చిక్కుకున్న కాగితపు పీచు ఉన్నాయి. విరిగిపోతాయన్న భయంతో బ్రాక్టియేట్లను అట్టకు అంటించి పెట్టుకోవడం ఒకప్పటి అలవాటు. బహుశా అతడి చేతికి వచ్చేసరికే ఇది అట్ట మీద ఉండి ఉంటుంది. ముందు వైపు మాత్రమే చూడగలిగినవాడికి హెర్మాన్ న్యాయమైన ఊహే.

ఇక మిగిలిన ఆర్చ్‌బిషప్‌లను కూడా సరిచూడాలి. ఆ కాలంలో మైన్‌ట్స్ ఆర్చ్‌బిషప్‌లు ఎర్‌ఫుర్ట్ టంకశాలలో బ్రాక్టియేట్లు ముద్రించారు. వారు ఆర్నోల్డ్, కోన్‌రాడ్, క్రిస్టియాన్. "మానుస్" అని ముగిసే పేరు ఒక్కటీ లేదు. పైగా తురింగియా వైపు బ్రాక్టియేట్లు తరచు ఇంతకంటే బాగా వెడల్పుగా ఉంటాయి. బ్రేమెన్‌లో హార్ట్‌విగ్, కొలోన్‌లో రైనాల్డ్, ఫిలిప్. కొలోన్ టంకశాల అయితే మందపాటి రెండు ముఖాల ఫెన్నిగ్‌లనే కొనసాగించింది. కనుక మిగిలింది విక్మాన్ ఒక్కడే.

విక్మాన్, ఆయన వెండి

జేబుర్గ్ వంశానికి చెందిన విక్మాన్ 1149లో నౌమ్‌బుర్గ్ బిషప్ అయ్యాడు. 1152లో జర్మన్ రాజు ఫ్రెడరిక్ బార్బరోసా అండతో మాగ్డెబుర్గ్ పీఠానికి మారాడు. ఒక పీఠం నుంచి మరో పీఠానికి మారడాన్ని పోప్ వెంటనే ఆమోదించలేదు. 1154లో గానీ పాలియం దక్కలేదు. 1192 ఆగస్టులో మరణించేదాకా నలభై ఏళ్లు ఏలాడు. ఏలాడు అన్న మాట తెలిసే వాడుతున్నాను. మాగ్డెబుర్గ్ ఆర్చ్‌బిషప్ పూజా పీఠానికి అధిపతి మాత్రమే కాడు, భూమికీ, సుంకాలకూ, కోర్టులకూ ప్రభువు. చక్రవర్తి ఒటో 1 అక్కడి సెయింట్ మారిస్ మఠానికి 965లోనే సంత, టంకశాల, సుంకం హక్కులు రాసిచ్చాడు. 968లో ఆర్చ్‌బిషప్ పీఠం ఏర్పడ్డాక ఆ హక్కులు పీఠం చేతికి వచ్చాయి. జర్మన్ రాజులు ఇలా మతాధికారులకు టంకశాలలు ఇవ్వడానికి ఒక లౌకిక కారణం ఉంది. బిషప్‌కు వారసులుండరు, ఇచ్చిన హక్కు కొడుకులకు, మనుమలకు వంశపారంపర్యంగా పోదు. కానీ కాలం గడిచేకొద్దీ ఆ హక్కులు పీఠాలకే స్థిరపడిపోయాయి, చివరకు 1220లో ఫ్రెడరిక్ 2 మత ప్రభువులతో చేసుకున్న ఒప్పందంలో, వారి సమ్మతి లేకుండా వారి ప్రాంతాల్లో కొత్త టంకశాలలు పెట్టనని రాసివ్వవలసి వచ్చింది.

విక్మాన్ ముఖం మనకు నాణేల మీదే కాక ఇంకోచోట కూడా ఉంది. 1150ల తొలినాళ్లలో మాగ్డెబుర్గ్ కంచు పోత శాలలో పోలండ్‌లోని ప్వోత్స్క్ కెథెడ్రల్ కోసం చేసిన తలుపులు ఇప్పుడు రష్యాలోని నోవ్‌గొరోద్ సెయింట్ సోఫియా కెథెడ్రల్‌కు ఉన్నాయి. వాటి మీద విక్మాన్ బొమ్మ పేరుతో సహా ఉంది. పోతపోసిన రిక్విన్ అనే శిల్పి కూడా తన బొమ్మ పెట్టుకున్నాడు. ఆ ఊళ్లో అంతటి లోహపు పని జరుగుతున్న కాలంలోనే ఈ నాణెపు అచ్చులు చెక్కబడ్డాయి. బొటనవేలి గోరంత చోటులో మోచేతి మీద పడిన బట్ట ముడతలను ఈ అచ్చు చెక్కినవాడు ఆరు సన్నని గీతలతో చూపించాడు. పుస్తకం అట్టకున్న నాలుగు మూలల బొడిపెలు కూడా లెక్కపెట్టవచ్చు. జర్మన్ నాణేల చరిత్రలో ఇంతకంటే అందమైన పని వచ్చిందని నేను అనుకోను.

ఇంత శ్రమపడి చెక్కిన నాణెం ఆయుష్షు మాత్రం నెలల్లోనే. విక్మాన్ తన నాణేలను ఏడాదికి రెండుసార్లు రద్దు చేసేవాడు. గడువు రాగానే జనం పాత ఫెన్నిగ్‌లను టంకశాలకు తెచ్చి, 12 పాతవి ఇచ్చి 9 కొత్తవి తీసుకోవాలి. సంతలో కొత్తవే చెల్లుతాయి. నాలుగో వంతు వట్టం, ఏడాదికి రెండు విడతలు. అది ఒక రకం పన్ను, వసూలుకు అధికారులు ఇల్లిల్లూ తిరగనక్కర లేని పన్ను. సంతకు వచ్చి సరుకు అమ్మినవాడూ కొన్నవాడూ దాన్ని కట్టక తప్పదు. 13వ శతాబ్దం మొదట్లో రాసిన సాక్సన్ ధర్మశాస్త్రం కొత్త ప్రభువు వచ్చినప్పుడే ఫెన్నిగ్‌లను మార్చాలంటుంది; విక్మాన్ పద్ధతి ఆ హద్దును ఎంత దూరం దాటిందో దీన్నిబట్టి చూడవచ్చు.

ఈ పద్ధతి తెలిస్తే నాణెం రూపం మొత్తం అర్థమవుతుంది. ఆరు నెలలే నడవవలసిన నాణేనికి మందం అక్కరలేదు, అరిగిపోయేదాకా అది బతకదు. ఏడాదికి రెండుసార్లు వేలకొద్దీ నాణేలు కొత్తగా కొట్టాలంటే రెండు అచ్చుల కంటే ఒక్క అచ్చు పని తేలిక. చదువురాని రైతుకూ సంత తనిఖీదారుకూ పాతదేదో కొత్తదేదో ఒక్క చూపులో తెలియాలంటే బొమ్మ మారాలి, బొమ్మ తెలియాలంటే వెడల్పు కావాలి. రేకు పలుచన కావడానికీ, వెడల్పు కావడానికీ, ఒకే ముఖం ఉండడానికీ, నలభై ఏళ్లలో విక్మాన్ పేరున ఇన్ని రకాల బొమ్మలు రావడానికీ మూలం ఈ రద్దు పద్ధతిలోనే ఉంది. పోయిన అక్షరాలను మనం వెనక వైపు నుంచి చదవగలిగామన్నా ఆ పలుచదనం వల్లే.

అందుకు కావలసిన వెండి దగ్గరలోనే ఉంది. హార్ట్స్ కొండల్లో గోస్లార్ పక్కనున్న రామెల్స్‌బెర్గ్ గనులు 10వ శతాబ్దం నుంచీ నడుస్తున్నాయి. 1168లో ఫ్రైబెర్గ్ దగ్గర కొత్త నిక్షేపాలు బయటపడ్డాయి. రేకులను విడివిడిగా తూచేవారు కాదు, ఒక మార్కు (నాటి తూకపు కొలత) వెండికి ఇన్ని ఫెన్నిగ్‌లు రావాలన్నదే నియమం. కనుక ఒక్కో నాణెం బరువు కొంత అటూ ఇటూగా ఉంటుంది. మన ముక్క బరువు చూసి ఏ విడతదో చెప్పబోవడం వృథా.

కాలం విషయంలో పనికొచ్చేది భూమిలో పూడ్చిపెట్టిన నాణేల నిధులే. 1860లో ఆన్‌హాల్ట్‌లోని ఫ్రెక్లేబెన్ దగ్గర దొరికిన బ్రాక్టియేట్ల నిధిని రెండేళ్లకు బొమ్మలతో ప్రచురించారు. దాన్ని 1160ల్లో పూడ్చి ఉంటారని పండితుల నిర్ణయం. తరచు రద్దయ్యే నాణేలు చేతుల్లో ఎక్కువ కాలం తిరగవు గనుక అలాంటి నిధి కాలం ఇరుకుగా, నమ్మదగ్గదిగా ఉంటుంది. మన నాణెం మీద పూర్తిగా విడమరిచి రాసిన పేరు, ముడతల చెక్కడం, బురుజు నిర్మాణం ఆ నిధిలోని విక్మాన్ నాణేల వరసలోనే నిలుస్తాయి.

నమోదు

నా నివేదికలో ఇలా రాశాను: మాగ్డెబుర్గ్ ఆర్చ్‌బిషప్ పీఠం, విక్మాన్, 1152–1192, శైలినిబట్టి 1160 ప్రాంతం, బ్రాక్టియేట్ ఫెన్నిగ్, చలామణిలో ఉండగా సగానికి కోసినది, కుడి సగం, 0.39 గ్రాము, మూల వ్యాసం 26 మిల్లీమీటర్లు; పై అంచున తర్వాతి కాలపు లోపం, కింది అంచున చీలిక; ముందు వైపు వెండి క్లోరైడ్ పెచ్చు, తొలగించలేదు; రాత "(విఐ)సిఎంఏఎన్ఎన్‌విఎస్ ఏఆర్", చివరి రెండక్షరాలు వెనక వైపు నుంచి చదివినవి. పాలకుడి గుర్తింపు నిశ్చితం. ఏ సంవత్సరపు ఏ విడతదో రాసే చోట గీత పెట్టి వదిలేశాను.

భద్రపరచడానికి ఆమ్లరహిత నురగలో నాణెం ఆకారానికి గుంట కోసి, దానిలో పడుకోబెట్టి, మూత బిగువుగా ఉండే పారదర్శక పెట్టెలో ఉంచాను. ప్లాస్టిక్ కవర్లలో, ముఖ్యంగా పీవీసీ కవర్లలో ఇలాంటి వెండిని పెట్టకూడదు. వేళ్లతో ఎత్తకూడదు, చూడాలంటే పెట్టెతో సహా తిప్పి చూడాలి, వెనక వైపు కూడా కనిపించేలా అడుగున పలుచని పారదర్శక పలక వేశాను. జిగురు మరకలను కదపలేదు.

పాత చీటీని పారేయాలా అని ఆ ఇంటాయన అడిగారు. ఎంతమాత్రం వద్దన్నాను. అందులోని పేరు తప్పే అయినా, ఆ చేతిరాతను జర్మన్ బడుల్లో 1941 దాకా నేర్పారు. ఈ నాణెం ఈమధ్య ఎవరో పొలంలో లోహ శోధక యంత్రంతో తవ్వి దొంగచాటుగా అమ్మినది కాదనీ, కనీసం కొన్ని దశాబ్దాలుగా ఒక సేకరణలో ఉన్నదనీ చెప్పే కాగితం అదొక్కటే. 2016లో జర్మనీ సాంస్కృతిక సంపద రక్షణ చట్టాన్ని కట్టుదిట్టం చేశాక ఇలాంటి కాగితాల అవసరం ఇంకా పెరిగింది. రేపు ఎప్పుడైనా ఈ నాణేన్ని మ్యూజియానికి ఇవ్వాలన్నా, దేశం దాటించాలన్నా మొదట అడిగేది అదే. పాత చీటీని ఆమ్లరహిత కవరులో వేసి, సంతలో కొన్న తేదీ, చోటు, పెట్టె ఫోటో జతచేసి, దాని పక్కనే నా చీటీ పెట్టాను. నా చీటీలో పాత గుర్తింపును కొట్టివేయకుండా పైన ఉంచి, కింద కొత్తదాన్నీ, దానికి ఆధారమైన వెనక వైపు ఫోటో సంఖ్యనూ రాశాను.